నా లాభానికి పరామర్శలు

లాభం వచ్చినందుకు వీధి వీధంతా వచ్చి ఓదార్చి వెళ్ళిన లెక్కల టీచర్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే తిరువూరు రండి. మా ఇంటికొచ్చి తలుపు కొడితే తీసేది నేనే. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి పొరపాటు పడే అవకాశం కూడా లేదు.

మొదట్నుంచీ చెబుతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను. నాకు విసుగు రాదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని, అర్థం కాని వాళ్ళంటే నాకు కొంచెం ఇష్టం కూడా.

మాష్టారు, అంటే మా ఆయన, పోయి మూడేళ్ళయింది. అమ్మాయి సుధ విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. రోజూ ఫోన్ చేస్తుంది పాపం. తిన్నావా అంటుంది, బీపీ మాత్ర వేసుకున్నావా అంటుంది. రెండూ అవును, కాదు ప్రశ్నలే. రెంటికీ అవును అని చెప్పేస్తే పరీక్ష అయిపోయినట్టే, ఫోన్ పెట్టేస్తుంది. ఆ తర్వాత ఇల్లు మళ్ళీ నిశ్శబ్దం. అందుకని టీవీ పెట్టి వదిలేస్తుంటాను. చూడను. ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుందని, అంతే. ఒకరోజు వార్తలు చదివే అమ్మాయి 'చూస్తూనే ఉండండి' అంటే, 'ఉండమ్మా, పాలు పొంగుతున్నాయి' అని వంటింట్లోంచి కేకేశాను. అన్న తర్వాత నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వు వినడానికి కూడా ఎవరూ లేరు.

ఇక బొంతల సంగతి. మా ఇంటికి రెండిళ్ళ అవతల రజియా టైలరింగు షాపు. వాళ్ళమ్మాయి షబానా పురిటికి వచ్చినప్పుడు, షాపులో మిగిలిన మెత్తటి నూలు ముక్కలన్నీ కలిపి పసివాడికి చిన్న బొంత కుట్టి ఇచ్చాను. ముక్కలు అతకడమంటే నాకు సరదా. త్రిభుజాలు, చతురస్రాలు, అన్నీ నా పాత స్నేహితులే. షబానా దాన్ని ఫొటో తీసి, ఫోన్‌లో ఆన్‌లైన్ అమ్మకాల యాప్ ఒకటి తెరిచి, నా పేరు మీద షాపు పెట్టేసింది. ఎవరు కొంటారే అన్నాను. షబానా విస్సన్నపేటలో అత్తారింటికి వెళ్ళిపోయే ముందు రోజు, ఫోన్ 'టింగ్' మంది. మొదటి ఆర్డరు.

అప్పట్నుంచీ ముక్కలు రజియా కత్తిరిస్తుంది, నేను పసిపిల్లల బొంతలుగా అమర్చి కుడతాను, అంచులు మళ్ళీ రజియా మిషన్ మీద వేస్తుంది. దానికి ఆమె కూలి ఆమెకి ఇచ్చేస్తాను. సాయంత్రం కొరియర్ కుర్రాడు నాగరాజు వచ్చి పార్సిల్ తీసుకెళ్తాడు. కుర్రాడంటే నలభై ఏళ్ళుంటాయి లెండి, టీచర్లకి అందరూ కుర్రాళ్ళే. వాళ్ళ ఊరు వినగడప. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ వాళ్ళ గేదె కబుర్లన్నీ చెబుతాడు. ఆ గేదె ఎంత తెలివైందో నాకు తెలిసినంతగా వాళ్ళావిడకి కూడా తెలియదేమో.

ఆర్డరు లేని రోజు నాగరాజు రాడు. కానీ చెయ్యి అలవాటుకొద్దీ రెండు కప్పుల టీ పెట్టేస్తుంది. ఒకటి తాగి, రెండోది కూడా నేనే తాగుతాను. అదండీ వ్యాపారం. ఇందులో నాకు వచ్చేదేమిటో మీకు అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు లెక్క. ఒక బొంత ఆరు వందలకి అమ్ముడైందనుకుందాం. కమీషన్, కొరియర్ కలిపి కంపెనీ వాళ్ళు నూట ఇరవై పట్టుకుంటారు. నాకు నాలుగు వందల ఎనభై వస్తుంది. బట్ట, దూది, రజియా కూలి కలిపి మూడు వందల ముప్పై. మిగిలేది నూట యాభై. ఇంతవరకూ అందరికీ అర్థమైంది కదా?

ఈ ఏడు వానలు గట్టిగా పట్టాయి. పార్సిళ్ళు దారిలో లారీలో తడిసిపోయాయి. తడిసిన బొంత ఎవరికి కావాలి? కొన్నవాళ్ళు ఫొటోలు తీసి ఫిర్యాదు పెట్టారు. నా ఫోన్‌లో ఒక్కొక్క ఆర్డరు పక్కన ఎర్ర అక్షరాలతో 'కస్టమర్‌కు రీఫండ్ ఇవ్వబడింది' అని రావడం మొదలైంది. ఎర్ర సిరా చూస్తే నాకు ఒకటే అర్థం. తప్పు. మార్కులు కొట్టెయ్.

కొట్టేశాను. అమ్మకం రద్దయింది కాబట్టి రాబడి కొట్టేశాను. డబ్బు తిరిగి ఇచ్చాం కాబట్టి ఆ ఆరు వందలూ ఖర్చు కింద రాశాను. బట్టకీ దూదికీ కూలికీ పెట్టింది ఎలాగూ పోయింది. ఒక్కొక్క తడిసిన బొంతకీ తొమ్మిది వందల ముప్పై నష్టం! ఆరు వందల బొంతకి తొమ్మిది వందల నష్టం ఎలా వస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అడుగుతారు. నేను అడగలేదు. ఎందుకంటే వేసింది నేను కదా, నా లెక్క తప్పదు కదా.

మరి బ్యాంకులో డబ్బు చూసుకోలేదా అంటారు. చూశాను. అక్కడే అసలు విశేషం. నా పెన్షన్ పడే ఖాతాలోనే ఈ బొంతల డబ్బూ పడుతుంది. నా లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. మామూలు మనిషయితే ఇదేమిటని ఆరా తీస్తాడు. రిటైరయిన టీచరు తీయదు. ఖాతాలో తెలియని డబ్బు పడితే మాకందరికీ తోచేది ఒకటే. డీఏ బకాయిలు! ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నాం, చివరికి పడ్డాయన్నమాట. ఎదురింటి వీరయ్య గారికి కూడా చెప్పాను, బకాయిలు పడుతున్నట్టున్నాయి మాష్టారూ అని. ఆయన మా స్కూల్లోనే డ్రిల్లు మాష్టారుగా చేశారు. గొడుగేసుకుని బ్యాంకుకి వెళ్ళి చూసుకుని, తనకి పడలేదని, లెక్కల వాళ్ళకి ముందు వేస్తారేమోనని దిగులు పడ్డారు.

వానాకాలం నడుస్తుండగానే నా లెక్కలో నష్టం ఎంతయిందంటే, చెప్పడానికి సిగ్గేసేంత. సుధకి చెప్పాను. మానెయ్యమ్మా, ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి, టీవీ చూసుకుంటూ హాయిగా కూర్చో అంది. టీవీ. హాయిగా.

రజియా దగ్గరికి వెళ్ళి ఇక ముక్కలు కత్తిరించొద్దన్నాను. ఎందుకని అడిగింది. నష్టాలమ్మా, మూసేస్తున్నాను అన్నాను. ఆమె కత్తెర పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. పోయేది డబ్బని ఆమె అనుకుంది. పోయేది సాయంత్రాలని నేను చెప్పలేదు.

టైలరు షాపులో చెప్పిన మాట ఊరంతా తిరగడానికి ఎంతసేపు కావాలి? జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆ సాయంత్రమే వీరయ్య గారూ వాళ్ళావిడ కోటేశ్వరమ్మ వదినగారూ వచ్చారు. వదినగారు గిన్నెలో ఉప్మా తెచ్చారు, నష్టంలో ఉన్నవాళ్ళు వంట చేసుకోరన్నట్టు. వీరయ్య గారు నిటారుగా కూర్చుని, గుండె దిటవు చేసుకోవాలి టీచరు గారూ, ఊపిరి బలంగా పీల్చి వదలండి అన్నారు. పీల్చి వదిలాను. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. కాసేపటికి రజియా సేమియా పట్టుకొచ్చింది. మర్నాడు పక్క వీధి నుంచి నా పాత విద్యార్థిని, ఇప్పుడు తనే అంగన్‌వాడీ టీచరు, ధైర్యం చెప్పడానికి వచ్చింది. ఒకప్పుడు నా చేత చీవాట్లు తిన్న పిల్ల నా వీపు నిమురుతుంటే ఎంత బాగుందో.

రోజూ వచ్చారండీ. అటక మీదున్న మడత కుర్చీలు దింపించాను. మా ఆయన పోయినప్పుడు దింపినవి, మళ్ళీ ఇప్పుడే. బయట వాన, లోపల గొడుగుల కింద నీళ్ళ మడుగులు, ఎవరి గ్లాసు ఎవరిదో తెలియని గోల. డ్రిల్లు మాష్టారు జిల్లా పోటీలకి పిల్లల్ని రెడ్డిగూడెం తీసుకెళ్ళిన కథ చెబితే, వదినగారు మధ్యలో ఆపి అది అలా కాదు అని అసలు కథ చెప్పేవారు. నాగరాజు తీసుకెళ్ళడానికి పార్సిల్ లేకపోయినా పరామర్శకని వచ్చి గేదె సంగతులు చెప్పి వెళ్ళాడు. ఒకరోజు అందరూ వెళ్ళాక చూద్దును కదా, టీవీ వెనకాల ప్లగ్ తీసేసి ఉంది. ఎవరో ఫోన్ ఛార్జింగుకని ఊడదీసినట్టున్నారు. ఎన్నాళ్ళయిందో. నేను గమనించనే లేదు.

ఇలా ఉండగా షాపు మూసేయమని చెప్పడానికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. ఎందుకు మూసేస్తున్నారమ్మా, మీ షాపు బాగా నడుస్తోంది కదా అంది. చీవాటు పెడుతున్నట్టుగా నా నష్టాల జాబితా అంతా చదివి వినిపించాను. ఆ పిల్ల అంతా ఓపిగ్గా విని, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో ఒక్క మాట చెప్పింది.

"అమ్మా, ఆ రీఫండ్లు మీరు ఇవ్వలేదమ్మా. మా కంపెనీ ఇచ్చింది. మీ డబ్బు మీకు పూర్తిగా వచ్చేసింది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. మంచి టీచరు అవుతుంది ఆ పిల్ల. సరుకు తడిసింది వాళ్ళ లారీలో. తప్పు వాళ్ళది. అందుకని కొన్నవాళ్ళకి ఆ ఆరు వందలూ కంపెనీ తన జేబులోంచి ఇచ్చింది. నా అమ్మకం అమ్మకంగానే ఉంది. నా నాలుగు వందల ఎనభై నాకు పడింది. కుట్టులో లోపమైతేనో, ఒకటి చెప్పి ఒకటి పంపితేనో నా సొమ్ములోంచి కోస్తారట. అప్పుడు మాత్రం నేను తీసెయ్యాలి. ఎర్ర అక్షరాలు రెంటికీ ఒకటే. కింద చిన్న అక్షరాల్లో ఎవరి ఖర్చో రాసి ఉంటుంది. అంటే రీఫండ్ కనబడగానే తీసివేయడం కాదు, ఎవరి జేబులోంచి పోయిందో ముందు చూడాలి. ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలుపెట్టొద్దని ఉద్యోగమంతా పిల్లలకి చెప్పిన మాట ఇదే.

షాపు మూయొద్దని చెప్పి, ఫోన్ పెట్టేసి పాస్‌బుక్ తీశాను. డీఏ బకాయిలు ఒక్క రూపాయి కూడా పడలేదు. పడ్డవన్నీ బొంతలే. తడిసిన బొంతలు, పొడి బొంతలు, అన్నీ ఒక్కొక్కటీ నూట యాభై చొప్పున లాభం మిగిల్చి కూర్చున్నాయి. నేను సరిచూసుకోలేదు, అంతే.

సంతోషం వేసిందా అంటే వేసింది. పాలు పొంగి పడేంతసేపు వేసింది. తర్వాత గడియారం చూశాను. ఇంకాసేపట్లో వాళ్ళొస్తారు. వచ్చాక ఏం చెప్పాలి? నష్టం లేదు, అంతా బాగుంది, ఇక మీరు ఇళ్ళకి వెళ్ళొచ్చు అనా?

చెప్పలేదు.

ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. వాళ్ళు రాగానే మొహం దిగాలుగా పెట్టేదాన్ని. అది అనుకున్నంత తేలిక కాదు సుమండీ. అద్దం ముందు నిలబడి సాధన చేశాను. ఎక్కువ దిగాలు పెడితే వదినగారు డాక్టరు దగ్గరికి పోదామంటున్నారు, తక్కువ పెడితే రజియా, ఇవాళ కాస్త తేరుకున్నారు టీచరమ్మా అని తొందరగా లేస్తోంది. సరిగ్గా మధ్యలో ఉండాలి. అదో రకం సగటు లెక్క.

నా నటన బాగా కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, ఒక ఉదయం ఫోన్ వరసగా టింగుటింగుమంది. అన్నీ కొత్త ఆర్డర్లు. సంబరపడి అడ్రసులు చూశాను. మొదటిది ఎదురిల్లు. రెండోది పక్కిల్లు. మూడోది అంగన్‌వాడీ పిల్ల. నాలుగోది రజియా స్వయంగా. నన్ను ఆదుకోవడానికి అందరూ కలిసి, రజియా ఫోన్‌లోంచి నా బొంతలు కొన్నారు. నాతో కూర్చుని బొంతలు కుట్టే మనిషి, నా బొంత ఆరు వందలు పెట్టి కొన్నది. వీరయ్య గారికి డెబ్భై దాటాయి, వదినగారికి దగ్గర్లో ఉన్నాయి. పసిపిల్లల బొంత!

ముందే కుట్టి ఉంచిన బొంతలు పార్సిళ్ళు కట్టాను. సాయంత్రం నాగరాజు వచ్చి వాటి మీది చీటీలు చదువుకుని నవ్వు పట్టలేకపోయాడు. ఇవి ఇక్కణ్ణుంచి విజయవాడ వెళ్తాయి, అక్కణ్ణుంచి మళ్ళీ తిరువూరు వస్తాయి, మళ్ళీ నేనే తెచ్చి ఎదురింట్లో ఇస్తాను, పోనీ ఇప్పుడే ఇచ్చేసి రానా అమ్మగారూ అన్నాడు. రూలు ఒప్పుకోదు కదా, తీసుకెళ్ళాడు.

వాళ్ళొచ్చారు. ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. వ్యాపారం ఎలా ఉంది అని వీరయ్య గారు ఎటో చూస్తూ అడిగారు. నా దిగాలు మొహం ఆ క్షణంలో జారిపోయింది. మళ్ళీ పెట్టుకుందామంటే రాలేదు.

ఒకప్పుడు ట్యూషన్ చెప్పిన నల్లబల్ల వసారాలో ఇంకా ఉంది. సుద్దముక్క తీసి, నిలబడి, లెక్క మొత్తం వేసి చూపించాను. ఆరు వందలు, నూట ఇరవై, మూడు వందల ముప్పై. కంపెనీ జేబు, నా జేబు. డీఏ బకాయిలు లేవన్నది కూడా చెప్పాను, వీరయ్య గారి మొహం అప్పుడు కాస్త వెలిగింది. ఈ సంగతి కొన్నాళ్ళ ముందే తెలుసన్నది కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు మాత్రం బల్ల వైపు తిరిగి చెప్పాను.

తిరిగి చూస్తే డ్రిల్లు మాష్టారు వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నారు.

"అయితే టీచరు గారూ," అన్నారు, "మేం ఇన్నాళ్ళూ ఓదార్చింది లాభాన్నా?"

రజియా ముందు నవ్వింది. ఇక అందరూ నవ్వారు. వదినగారు ఉప్మా లెక్క తేల్చాలన్నారు. నేనూ నవ్వాను. ఎవరూ కోప్పడలేదు. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. టీ తాగి, గొడుగులు విప్పుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఎవరూ రాలేదు.

వాళ్ళ తప్పేం లేదండీ. కష్టంలో ఉన్న మనిషి దగ్గరికి ఊరికే రావచ్చు. బాగున్న మనిషి దగ్గరికి రావాలంటే ఏదో పనుండాలి. నేను బాగున్నానని సుద్దముక్కతో నిరూపించి మరీ చూపించాను కదా. రజియా ముక్కలు కత్తిరించి గుమ్మంలోంచే ఇచ్చి, షాపులో జనం ఉన్నారని పరిగెత్తింది. మడత కుర్చీలు రెండు రోజులు అలాగే ఉంచాను. తర్వాత ఒక్కొక్కటీ మడిచి గోడకి ఆనించాను. టీవీ ప్లగ్ పెట్టాను. వార్తల అమ్మాయి నన్ను గుర్తుపట్టినట్టు లేదు. షాపు చక్కగా నడుస్తోంది, లాభం లాభంగానే రాస్తున్నాను, ఒక్క తప్పు లేదు. ఇంత సరైన లెక్క ఇంత బోసిగా ఉంటుందని తెలియదు.

నిన్న కిటికీలోంచి చూస్తుంటే నాగరాజు బండి మా గేటు దాటి ఎదురింటి ముందు ఆగింది. విజయవాడ చూసొచ్చిన నా బొంత వీరయ్య గారి చేతికి అందింది. చూసి లోపలికి వచ్చేశాను. బియ్యం ఏరుకుంటుంటే ఫోన్ 'టింగ్' మంది. ఆర్డరనుకున్నాను. కాదు. ఎర్ర అక్షరాలు. రిటర్ను, రీఫండ్ కావాలట. కారణం అన్న చోట ఇలా ఉంది.

"సైజు చిన్నది. కప్పుకుంటే కాళ్ళు బయటికి వస్తున్నాయి. అమ్మినావిడతో కూర్చుని మాట్లాడాలి."

టైపు చేసింది రజియా అయి ఉంటుంది, మాటలు మాత్రం డ్రిల్లు మాష్టారివి. చదవడం పూర్తి కాకముందే గేటు చప్పుడైంది. ముందు ఆయన, భుజం మీద చిట్టి బొంత కండువాలా వేసుకుని. వెనక వదినగారు గిన్నెతో. ఆ వెనక రజియా, తన బొంత కూడా చంకలో పెట్టుకుని, నాదీ ఫిర్యాదుంది టీచరమ్మా అంటోంది.

కుర్చీలు మళ్ళీ విప్పాను. వాళ్ళు వెళ్ళేసరికి చీకటి పడింది. గ్లాసులు కడిగి, లెక్క రాయడానికి కూర్చున్నాను. సైజు ఎంతో యాప్‌లో స్పష్టంగానే రాసి పెట్టాను, కాబట్టి తప్పు నాది కాదు. తడిసిందీ లేదు, చిరిగిందీ లేదు, కాబట్టి కంపెనీదీ కాదు. అయినా రీఫండ్ ఎవరి జేబులోంచి అన్న చోట నా పేరే రాసుకున్నాను. చిన్న అక్షరాలు ఏమంటున్నాయో ఈసారి చదవలేదు. సరిచూడనూ లేదు.